ఎలుగుబంటి పంటిగారలో దాగిన చరిత్ర

సీలేరు అడవులలో వేసవి తొలిదినములందు ఇప్పపూవు తెల్లవారుజామున రాలును. దానిని ఏరుకొనుటకు మనుష్యులు పోవుదురు. అదే చెట్టుక్రిందికి ఎలుగుబంటియు వచ్చును. ఎగువన మాచ్‌ఖండ్ అనియు, దిగువన సీలేరు అనియు పిలువబడు నది ఆంధ్ర, ఒడిశా రాష్ట్రముల సరిహద్దున పారి శబరిలో కలియుచున్నది. ఈ తూర్పుకనుమల అడవులలో ఎలుగుబంట్లేగాక చిరుతపులులు, నక్కలు, అడవిపిల్లులు గలవు. ఎలుగు మీదపడినప్పుడు తరచుగా తలకును ముఖమునకును గాయములగును. గాయము కంటికి కనబడును. పంటితోబాటు లోనికి దిగిన సూక్ష్మజీవులు కనబడవు.

చెదలను, తేనెను, పండ్లను తిని బ్రతుకు ఎలుగును మాంసాహారులలో నేల చేర్చితిరని విద్యార్థులు అడుగవచ్చును. జంతుశాస్త్రజ్ఞులు తిండినిబట్టి గాక పుఱ్ఱె, దంతముల నిర్మాణమును, వంశమును బట్టి కుక్క, పిల్లి, ఎలుగు మున్నగువానిని ఒకే క్రమమున ఉంచిరి. మన ఎలుగునకు పైదవడ నడుమ ఉండవలసిన రెండు కోతపండ్లు ఉండవు. ఆ సందుగుండ అది చెదలను పీల్చుకొనును.

ఏ జంతువు నోరైనను బాక్టీరియాకు మంచి నివాసమే. వెచ్చదనము, తేమ, ఆహారము మూడును అక్కడ కలవు. పంటిపై అవి జిగురుపొరగా అల్లుకొని వందలాది జాతులు కలిసి కాపురముండును. పిల్లి జాతి జంతువుల నోట పాశ్చురెల్లా మల్టోసిడా అనునది తరచుగా నుండును. ఇది గాయములో పడిన ఒకటి రెండు దినములలోనే వాపును చీమును కలిగించును. పెన్సిలిన్ దీనిని సాధారణముగ చంపగలదు. ఎరిత్రోమైసిన్ అంతగా పనిచేయదు. అందుచేత కాటుగాయములకు తోచిన మాత్ర మ్రింగుట పనికిరాదు. ముందుగా సబ్బుతో, పారు నీటితో కనీసము 15 నిమిషములు కడుగవలెను. పసరులు, కారము, సున్నము పెట్టరాదు. పిదప ఆలస్యము చేయక ఆసుపత్రికి పోయి, మందుతోబాటు పిచ్చికుక్క వ్యాధికి టీకాను గూర్చికూడ వైద్యుని అడుగవలెను.

మందును బాక్టీరియా ఎట్లు ఎదిరించును? పెన్సిలిన్ అణువులో నాలుగు పరమాణువుల వలయమొకటి కలదు. కొన్ని బాక్టీరియా ఆ వలయమును త్రెంచు ఎంజైమును తయారుచేయును. ఈ ఎంజైమును ఏబ్రహామ్, చెయిన్ అను శాస్త్రజ్ఞులు 1940లోనే వర్ణించిరి. పెన్సిలిన్‌తో రోగికి చికిత్స ప్రారంభించినది 1941లో. అనగా మందు రోగిని చేరకముందే దాని విరుగుడు బాక్టీరియా యొద్ద నున్నది! ఇందు వింత లేదు. పెన్సిలిన్ బూజునుండి పుట్టినది. బూజులకును బాక్టీరియాకును పోరాటము మానవజాతికంటె చాల పాతది. కెనడా దేశపు యూకాన్ ప్రాంతమున 30,000 ఏండ్లుగా గడ్డకట్టియున్న మట్టిలో ఇట్టి జన్యువులు దొరికినట్లు 2011లో ప్రకటింపబడినది. ఈ జన్యువులు ఒక బాక్టీరియానుండి మరియొకదానికి, జాతిభేదము లేక, చేతులు మారగలవు. పంటిపై నున్న జిగురుపొరవంటి ఇరుకుచోట్లు ఈ ఇచ్చిపుచ్చుకొనుటకు అనుకూలములు.

ఉపాధ్యాయులు ఇచ్చట ఒక మాట విడమరచి చెప్పవలెను. రోగనిరోధకశక్తి మన శరీరమునకు చెందినది. మందును ఎదిరించు శక్తి సూక్ష్మజీవికి చెందినది. పరీక్షాపత్రములలో ఈ రెండును కలిసిపోవుచుండును.

ఇక గార సంగతి. ఉమ్మిలోని కాల్షియం, ఫాస్ఫేటు లవణములు పంటిమీది జిగురుపొరలో పేరుకొని రాయివలె గట్టిపడును. అందులోని బాక్టీరియా అక్కడనే సమాధియగును. జంతువు చచ్చి నూరేండ్లైనను ఆ గారనుండి వాని డి.ఎన్.ఏ. ను వెలికితీసి చదువవచ్చును. స్వీడను శాస్త్రజ్ఞులు సరిగా ఈ పనినే చేసిరి. 1842 మొదలు 2016 వరకు మ్యూజియమునందు చేరిన గోధుమవన్నె ఎలుగుల పుఱ్ఱెలనుండి గారను గీకి పరీక్షించి, ఫలితములను 2021లో ప్రకటించిరి. 20వ శతాబ్దమున మనుష్యులు ఈ మందులను విరివిగా వాడసాగిన పిదప ఎలుగుల నోటిలో ఎదిరింపు జన్యువులు పెరిగినవి. ఊళ్ళ దాపున తిరిగిన ఎలుగునకును దూరపు అడవిలోని ఎలుగునకును ఇందు పెద్ద భేదము లేదు. మందుచీటి ఎన్నడు చూడని జంతువు గదా ఇది!

మందు అడవికెట్లు చేరినది? మనుష్యులు, పశువులు విసర్జించిన దానిలో మందు శేషము, ఎదిరించు బాక్టీరియా రెండును ఉండి నీటిలో, మట్టిలో కలియును. పశువులకు మందులు చికిత్సకే వాడబడలేదు. తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలను నడపిన అమెరికా లెడర్లీ సంస్థలో, 1948లో ప్రకటింపబడిన ఆరియోమైసిన్ తయారైనది. దాని తయారీలో మిగిలిన మడ్డిని మేతలో కలిపిన కోడిపిల్లలు త్వరగా పెరిగినవని అక్కడివారే కనుగొనిరి. అటుపై బరువు పెంచుటకు ఇట్టి మందులు మేతలో కలుపు అలవాటు దేశదేశములకు ప్రాకినది. స్వీడను 1986లో దానిని నిషేధించినది. మన దేశమున కోలిస్టిన్ అను మందును తిండికొరకు పెంచు జంతువులకు వాడరాదని 2019లో ఆజ్ఞ వెలువడినది.

తెలుగునాట హెచ్చరిక హైదరాబాదు చెంత పటాన్‌చెరువునుండి వచ్చినది. సుమారు 90 మందుల కర్మాగారముల మురుగు చేరు శుద్ధికేంద్రమునుండి బయటకు పోవు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు 2007లో ప్రకటింపబడినది. ఆ మందు మ్రింగిన రోగి రక్తములో గూడ అంత గాఢత ఉండదు. సీలేరుకు అట్టి మురుగు లేదు గాని, పశువైద్యుని సూది, సంతలో దొరకు మాత్ర, కొండవాగు కలిసినచోట దారి తెరువబడియే యున్నది.

స్వీడనులో మందుల వాడుకను అదుపుచేయు జాతీయ ప్రణాళిక 1995లో మొదలైనది. ఆ తరువాతి ఎలుగుల గారలో ఎదిరింపు జన్యువులు తగ్గినవి. అయితే మందులు పుట్టకముందటి స్థాయికి మాత్రము దిగలేదు. గార ఎట్లుండునో చూడదలచిన తరగతివారు పుఱ్ఱెలకై అడవికి పోనక్కరలేదు. మాంసపు దుకాణమునుండి మేకదవడ నొకటి తెచ్చి ఉడికించి, దవడపండ్ల మొదళ్ళను భూతద్దముతో పరిశీలించిన చాలును. చిగురు ఉండెడి అంచున నల్లనో గోధుమవన్నెయో గల గట్టి పెచ్చు కనబడును. సూదిమొనతో దానిని లేవదీయవచ్చును.