కొబ్బరికి చుట్టం ఖర్జూరం

మా మదర్సాలో ఒకనాడు ఒక పిల్లవాడు, "హజ్రత్, ఉర్దూ, అరబీ ఒకే భాషంట కదా! అందుకే అవి మనవి, తెలుగు పరాయిదని మా ఇంట్లో అంటారు" అన్నాడు. ఆ మాట నా మనస్సులో ముల్లులా గుచ్చుకున్నది. దానికి జవాబు మన కోనసీమ తోటలలోనే ఉన్నది.

కొబ్బరి తోటలో అంతర పంటగా అరటి వేస్తాము. రెండూ పక్కపక్కనే పెరిగి గెలలు వేస్తాయి, చూచేవారికి చుట్టాలనిపిస్తాయి. కాని వృక్షశాస్త్రం వాటిని వేర్వేరు కుటుంబాలలో చేర్చింది. అరటి అసలు మానే కాదు. మనం కాండమనుకొనేది ఒకదానినొకటి చుట్టుకొన్న ఆకు మట్టలే. కొబ్బరికి నిజమైన బంధువులు తాడి, పోక, అరబ్బు దేశపు ఖర్జూరం. శాస్త్రజ్ఞులు పువ్వు, కాయ, విత్తనాల నిర్మాణాన్ని పరిశీలించి బంధుత్వం నిర్ణయిస్తారు. పొరుగును చూచి కాదు.

భాషలకూ ఇదే న్యాయం. లిపి, అరువు మాటలు పొరుగువంటివి. వ్యాకరణం, అంకెలు, అవయవాల పేర్లు వేరువంటివి. 'ఐదు'ను అరబీలో 'ఖమ్సా' అంటారు, హీబ్రూలో 'హమేష్' అంటారు. ఈ రెండూ సెమిటిక్ కుటుంబానికి చెందినవి. ఉర్దూలో అది 'పాంచ్', ఫార్సీలో 'పంజ్', సంస్కృతంలో 'పంచ'. ఇవి ఇండో-యూరోపియన్ కుటుంబం. ఉర్దూ అరబీ నుండి ఎన్నో పదాలు స్వీకరించినా, దాని సంతానం కాదు.

తెలుగు సంగతీ అంతే. సంస్కృత పదాలెన్ని చేరినా, మన 'మూడు'కు తోబుట్టువులు కన్నడ 'మూరు', తమిళ 'మూన్ఱు'. తెలుగు సంస్కృతం నుండి పుట్టలేదని 1816లో మద్రాసు కలెక్టరు ఎల్లిస్, క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి వ్రాసిన పీఠికలో సోదాహరణంగా చూపాడు. 1856లో కాల్డ్‌వెల్ గ్రంథంతో ఈ కుటుంబానికి 'ద్రావిడ' అనే పేరు స్థిరపడింది. ఇక మనం నిత్యం వాడే 'హాజరు', 'తారీఖు' అరబీ నుండి వచ్చినవే. అది రక్తసంబంధం కాదు, స్నేహం.

నమాజులో అరబీ, ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు: ఒకే గడపలో మూడు భాషా కుటుంబాలు! కొన్ని ఇళ్ళలో తల్లి జోలపాడేది తెలుగులోనే. భాషల, వర్ణాల వైవిధ్యం అల్లాహ్ సూచనలలో ఒకటని సూరా అర్-రూమ్ 22వ ఆయత్ తెలుపుతున్నది. అందులో ఏ భాషకూ మినహాయింపు లేదు. ఖుర్ఆన్ అవతరించిన భాషగా అరబీకి ఉన్న ఘనత సాటిలేనిది. దానిని గౌరవించడానికి అమ్మ మాటను పరాయిదనవలసిన పని లేదు.

ఆ పిల్లవాడిని ఒక్కటే అడిగాను: "అమ్మకు జ్వరం వస్తే నీ మనసులో దుఆ ఏ భాషలో వస్తుంది?"

"తెలుగులోనే, హజ్రత్" అన్నాడు.

"అల్లాహ్‌తో మాట్లాడుకొనే భాష నీకు పరాయిదెలా అవుతుంది, నాయనా?" అన్నాను.