నివురు గప్పిన నిప్పు నేర్పే పాఠాలు

అడవిని కాపాడటానికి అడవికే నిప్పు పెడతారంటే, అమెరికాకు కొత్తగా వచ్చినవారికి వింతగానే ఉంటుంది. ఎండుటాకులు, పుల్లలు, తుప్పలు ఏళ్ల తరబడి పేరుకుపోతే ఒక్క పిడుగుకే అంతా భగ్గుమంటుంది. అందుకని గాలీ తేమా చూసుకుని, చుట్టూ సిబ్బందిని నిలబెట్టి, ముందుగానే కొంత కొంత తగలబెడతారు. దీన్ని ప్రిస్క్రైబ్డ్ ఫైర్ అంటారు. మందు చీటీలాగే దీనికీ రాసి ఉంచిన హద్దులుంటాయి. మందు ఒక్కోసారి వికటించినట్టే, ఈ మంట కూడా ఒక్కోసారి చేయి దాటిపోతుంది.

2022లో ఫారెస్ట్ సర్వీస్ చెప్పిన లెక్క ప్రకారం ఆ సంస్థ ఏటా సగటున 4,500 ఇలాంటి మంటలు పెడుతుంది. వాటిలో 99.84 శాతం అనుకున్నట్టే ముగుస్తాయి. ఏ సర్జన్ అయినా సంతోషించే ఫలితమే. కాని తప్పిపోయిన ఆ ఒకటీ అరా ఊళ్లనే మింగేస్తాయి.

2000 మే 4న న్యూ మెక్సికోలోని బాండెలియర్ నేషనల్ మాన్యుమెంట్‌లో నేషనల్ పార్క్ సర్వీస్ పెట్టిన మంట హద్దు దాటి లాస్ అలమోస్ పట్టణం మీద పడింది. 18,000 మందికి పైగా ఇళ్లు వదలవలసి వచ్చింది. సుమారు 400 కుటుంబాలకు నిలువ నీడ లేకుండా పోయింది. మంట పెట్టే ముందు ప్రణాళికను సరిగా పరీక్షించలేదని విచారణలో తేలింది. అప్పటి నుంచే ఈ సంస్థల ఆలోచనలో మార్పు కనిపిస్తుంది. 2002లో ఆరిజోనాలోని టూసాన్‌లో, వేర్వేరు శాఖలవారు అందరి అనుభవాలూ ఒక్కచోట చదువుకునేలా వైల్డ్‌లాండ్ ఫైర్ లెసన్స్ లెర్న్డ్ సెంటర్ వెలిసింది.

మన పాఠకుల్లోని వైద్యులకు ఈ పద్ధతి కొత్త కాదు. ఆసుపత్రుల్లో మార్బిడిటీ అండ్ మోర్టాలిటీ సమావేశాలుంటాయి. రోగి ఎందుకు దక్కలేదో అక్కడ అందరి ముందూ చర్చిస్తారు. "ఎవరు చేశారు?" అని నిలదీస్తే నోళ్లు మూతపడతాయి. "ఆ క్షణంలో అది సరైన పనిగా ఎందుకు తోచింది?" అని అడిగితే నిజం బయటికొస్తుంది. ఫారెస్ట్ సర్వీస్ ఫెసిలిటేటెడ్ లెర్నింగ్ అనాలిసిస్ అని పిలిచే సమీక్షల సారాంశం కూడా ఇదే.

అయినా ప్రతి పాఠం తర్వాత మరో పాఠం ఎదురవుతూనే ఉంది. 2012 మార్చి 22న కొలరాడో రాష్ట్ర అటవీ శాఖ పెట్టిన మంట ఆరిందనుకున్నారు. నాలుగు రోజుల తర్వాత పెనుగాలికి లేచి ముగ్గురి ప్రాణాలు తీసింది. న్యూ మెక్సికోలో 2022 జనవరిలో కాల్చిన కొమ్మల కుప్పల్లోని నిప్పు, మూడుసార్లు మంచు కురిసినా నేల కింద బతికే ఉండి ఏప్రిల్‌లో పైకి లేచింది. నివురు గప్పిన నిప్పు అని మనవాళ్లు ఊరికే అనలేదు. అదే ఏప్రిల్ 6న హెర్మిట్స్ పీక్ దగ్గర పెట్టిన మరో మంట కూడా అదుపు తప్పింది. రెండూ కలిసి 3,41,000 ఎకరాలకు పైగా దహించాయి.

ఫారెస్ట్ సర్వీస్ 2022 మే 20న దేశమంతటా ఈ మంటలు ఆపేసి, తన పద్ధతులు తిరగేసుకుంది. హెర్మిట్స్ పీక్ సమీక్షలో తేలిందేమిటి? సిబ్బంది చాలావరకు ప్రణాళిక ప్రకారమే నడుచుకున్నారు. కాని నేల వారనుకున్న దానికన్నా ఎండిపోయి ఉంది. వాయిదాలు పడిన పని ఎలాగైనా పూర్తి చేయాలన్న ఒత్తిడీ ఉంది. సెప్టెంబరులో పని మళ్లీ మొదలైనప్పుడు నిబంధనలు మారాయి. అనుమతి ఆ ఒక్క రోజుకే. మరునాటికి మళ్లీ కొత్తగా తీసుకోవాలి. సిబ్బంది అలసట, అనుభవం, ఒత్తిడి కూడా నిప్పంటించే ముందే లెక్కలోకి రావాలి.

ఇల్లు కాలిన కుటుంబానికి "మేం నేర్చుకున్నాం" అన్న మాట సరిపోదు. కాంగ్రెస్ ఆ ఏడే మొత్తం 395 కోట్ల డాలర్ల పరిహారం కేటాయించింది. అది న్యాయమే. సిబ్బంది నిర్భయంగా నిజం చెప్పాలి, నష్టపోయినవారికి ప్రభుత్వం బాధ్యత వహించాలి. ఈ రెండూ జోడెద్దులు. ఒకదాన్ని విప్పేస్తే బండి కదలదు.

పశ్చిమ రాష్ట్రాల్లో ఉన్న మిత్రులకు ఇలాంటి మంట గురించి నోటీసు వస్తే, పొగ గురించి విసుక్కుని ఊరుకోవద్దు. అటవీ కార్యాలయానికి ఫోన్ చేసి రెండు ప్రశ్నలు వేయండి: ఈ రోజు నేల ఎంత పొడిగా ఉందో చూశారా? మంట ఆరాక ఎన్నాళ్లు కాపలా కాస్తారు?