మేజువాణి, రంగస్థలం: గోదావరి డెల్టా కలావంతుల నాట్యంలో రెండు శైలులు

ఉపోద్ఘాతం

గోదావరి డెల్టా కలావంతుల నాట్యంపై జరిగిన చర్చలో రెండు ధోరణులు ప్రధానంగా కనిపిస్తాయి. ఒకటి సంఘసంస్కరణ చరిత్ర, రెండవది శాస్త్రీయ నృత్య పునరుద్ధరణ చరిత్ర. ఈ రెంటి నడుమ ఒక ప్రశ్న మిగిలిపోతున్నది. పెళ్లి పందిట్లో, జమీందారు కచేరీలో, సంపన్న గృహస్థుల ఇళ్లలో సాగిన మేజువాణీ, నేడు ఆడిటోరియం వేదికపై కనిపించే నాట్యమూ ఒకే కళారూపమేనా? పదాలు అవే, జావళీలు అవే, హస్తాలు కూడా చాలావరకు అవే. అయినా ప్రదర్శన స్థలం, చూసేవారి దూరం, కాలపరిమితి మారినప్పుడు అభినయ స్వభావం కూడా మారుతుంది. ఆ మార్పు స్వరూపాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సామాజిక శైలి, రంగస్థల శైలి: టాంగో ఉదాహరణ

ఈ భేదాన్ని స్పష్టంగా గుర్తించి, రెంటికీ వేర్వేరు ప్రమాణాలు ఏర్పరచుకొన్న నృత్యం అర్జెంటీనా టాంగో. 19వ శతాబ్ది చివర బ్యూనస్ ఎయిర్స్, మాంటెవిడియో నగరాల్లో రూపొందిన ఈ జంట నృత్యం ‘మిలోంగా’ అనే సామాజిక కూటాల్లో పెరిగింది. అక్కడ అడుగులు ముందుగా కూర్చుకొన్నవి కావు. జంట ఒకరినొకరు పొదివి పట్టుకొని, సంగీతాన్ని బట్టి, పక్కనున్న జంటలకు అడ్డురాకుండా అప్పటికప్పుడు అడుగు కట్టుకొంటుంది. 1983లో పారిస్‌లో ప్రదర్శితమైన ‘టాంగో అర్జెంటీనో’ ప్రదర్శనతో రంగస్థల టాంగోకు ప్రపంచవ్యాప్తంగా ఆదరణ పెరిగింది. ఇందులో నృత్యం ముందే కూర్చబడుతుంది; గెంతులకూ ఎత్తులకూ చోటుంటుంది; చూపు ప్రేక్షకుని వైపు తిరుగుతుంది. బ్యూనస్ ఎయిర్స్‌లో జరిగే ప్రపంచ పోటీలు ఈ రెండు శైలులనూ వేర్వేరు విభాగాలుగా పరిగణిస్తాయి. 2009లో టాంగో యునెస్కో అభౌతిక సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేరింది.

ఈ పోలికకు ఒక హద్దు ఉంది. మిలోంగాలో వచ్చినవారే నర్తకులు. మేజువాణిలో నర్తించేది స్త్రీ, కూర్చుని చూసేది ప్రధానంగా పురుషులు. ధనబలం, కులబలం రెండూ కూర్చున్నవారి వైపే ఉండేవి. అందువల్ల మేజువాణికి ‘సామాజిక శైలి’ అన్న మాటను సమాన భాగస్వామ్యం అన్న అర్థంలో కాక, ఎదుటివారి సమక్షంలో అప్పటికప్పుడు రూపుదిద్దుకొనే శైలి అన్న అర్థంలోనే గ్రహించాలి.

మేజువాణి స్వరూపం

‘మేజువాణి’ పదానికి మూలం ఆతిథ్యం అనే అర్థమున్న పారసీక పదం. పేరులోనే అతిథి, ఆతిథేయి సంబంధం ఉంది. ముమ్మిడివరం, మురమండ, బల్లిపాడు మొదలైన గ్రామాల కలావంతులు ఆలయ సేవతో పాటు ఈ మేజువాణులూ చేసేవారు. వర్ణాలు, క్షేత్రయ్య పదాలు, జావళీలు వీటిలో ముఖ్యమైన అంశాలు.

మేజువాణి అభినయంలో మూడు లక్షణాలు గమనార్హం. మొదటిది, పాడేదీ అభినయించేదీ ఒకే వ్యక్తి కావడం. గానం తన గొంతులోనే ఉన్నందున ఎక్కడ ఆగాలో, ఏ మాటను మళ్లీ పట్టాలో నిర్ణయించే అధికారం ఆమెదే. రెండవది, పదాన్ని కూర్చునే అభినయించడం. పాదాలకు పని లేనందున భావమంతా కన్నులు, కనుబొమలు, హస్తాల మీదికి చేరుతుంది. ఇది కొద్ది అడుగుల దూరంలో ఉన్నవారికి మాత్రమే పూర్తిగా అందే భాష. మూడవది, ఒకే పాదాన్ని పలుమార్లు పాడుతూ ప్రతిసారీ కొత్త అర్థాన్ని స్ఫురింపజేయడం. ఎన్నిసార్లు పాడాలన్నది ఎదుట ఉన్న రసికుల స్పందనను బట్టి తేలుతుంది.

రంగస్థల స్పృహ కలావంతులకు కొత్తది కాదు. భామాకలాపం, గొల్లకలాపం వంటి కలాపాలను వారు వేషధారణతో, కథా క్రమంతో ప్రదర్శించేవారు. ఒకే నర్తకి ఒక సందర్భంలో మేజువాణి, మరొక సందర్భంలో కలాపం చేసేది. రెండు శైలులూ ఒకే సంప్రదాయంలో పక్కపక్కనే ఉండేవని దీనివల్ల తెలుస్తున్నది.

సంస్కరణ, చట్టం, వేదిక

రాజమహేంద్రవరం కేంద్రంగా కందుకూరి వీరేశలింగం (1848–1919) సాగించిన సంస్కరణోద్యమంలో భోగం మేళాల నిరసన ఒక ముఖ్యాంశం. 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం దేవునికి స్త్రీలను అంకితం చేయడాన్ని, ఆలయ ప్రాంగణాల్లోనూ దేవుని ఊరేగింపుల్లోనూ వారి నాట్యాన్ని నిషేధించింది. 1956 నాటి సవరణతో ఈ నిషేధం పెళ్లిళ్ల వంటి వేడుకలకూ వ్యాపించింది. స్త్రీలపై జరిగిన దోపిడిని అడ్డుకోవడం ఈ చట్టాల లక్ష్యం. అది అవసరమైన లక్ష్యమే. కానీ దోపిడితో పాటు ఆ స్త్రీల విద్యా, జీవనోపాధీ కూడా ఒకే దెబ్బకు పోయాయి.

ఆ తరువాత నటరాజ రామకృష్ణ (1923–2011) కలావంతుల నుంచి సేకరించిన సంప్రదాయాన్ని ‘ఆంధ్రనాట్యం’ పేరుతో వేదికపైకి తెచ్చారు. స్వప్నసుందరి కలావంతుల పరంపరకు చెందిన మద్దుల లక్ష్మీనారాయణ వద్ద అభ్యసించి, ‘విలాసినీ నాట్యం’ అనే పేరుతో ఆ సంప్రదాయానికి రూపమిచ్చారు. ఈ కృషి లేకుంటే అనేక అంశాలు వృద్ధ కళాకారిణుల జ్ఞాపకంతోనే అంతరించిపోయేవి.

అయితే వేదిక తనదైన నియమాలను విధిస్తుంది. వెనుక వరుసలోని ప్రేక్షకునికి అందాలంటే కనుబొమ కదలిక చాలదు; చేయి విస్తరించాలి, దేహం లేవాలి. నిర్ణీత సమయంలో అంశం ముగియాలంటే పాదం ఎన్నిసార్లు పాడాలో ముందే తేలాలి. గానం వేరొకరికి అప్పగించినప్పుడు ఆగే అధికారం కూడా కొంత వారికి పోతుంది. ఈ మూడు మార్పులూ పైన చెప్పిన మూడు లక్షణాలనే తాకుతున్నాయి. రంగస్థలం అంశాలను కాపాడింది. వాటిని సభలో విస్తరించే పద్ధతికి మాత్రం చోటు తగ్గింది.

ముగింపు

టాంగోలో రంగస్థల శైలి ఎంత దూరం వెళ్లినా మిలోంగా బతికే ఉన్నది కాబట్టి దానితో పోల్చి చూసుకొనే వీలుంది. గోదావరి డెల్టాలో ఆ వీలు లేదు. మేజువాణి ఆగిపోయింది, దాని కొలమానం కలావంతుల ఇళ్లలోని స్త్రీల స్మృతిలో మాత్రమే నిలిచింది. కనుక వేదికపై కనిపించే రూపాన్నే ప్రాచీన రూపంగా భావించి పరిశోధన సాగించడం ప్రమాదకరం. పదాల పాఠాన్ని సేకరించినంత శ్రద్ధగా, ఒకే పాదాన్ని ఒక నర్తకి వేర్వేరు సందర్భాల్లో ఎలా విస్తరించిందో నమోదు చేయాలి. కూర్చుని, స్వయంగా పాడుతూ అభినయించే అభ్యాసం విశ్వవిద్యాలయాల నృత్య పాఠ్యప్రణాళికల్లో ప్రత్యేకాంశంగా ఉండాలి. కళకు దక్కిన గౌరవం దాన్ని మోసుకొచ్చిన కుటుంబాలకు ఎంతవరకు దక్కిందన్న ప్రశ్న కూడా ఈ పరిశోధనలో అంతర్భాగమే.