తొడలో దాచుకున్న ప్లాస్టిక్

అట్టు అంటుకోని పెనం మీద ఉండే పూత టెఫ్లాన్. జారుడు గుణం ఎక్కువ, దాదాపు ఏ రసాయనంతోనూ పేచీ పెట్టుకోదు. ఒంట్లో పెట్టడానికి ఇంతకంటే సాధువైన పదార్థం ఏముంటుంది? ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో ఎముకల సర్జన్ జాన్ చార్న్‌లీ కూడా అలాగే అనుకున్నారు. అరిగిన తుంటి కీలు తీసేసి, స్టీలు గుండు తిరిగేందుకు టెఫ్లాన్ గిన్నె పెట్టి, సుమారు 300 మందికి ఆపరేషన్లు చేశారు. కుంటుతూ వచ్చినవాళ్లు హాయిగా నడిచారు. కొన్నేళ్లకే నొప్పితో మళ్లీ ఆసుపత్రి మెట్లెక్కారు.

తెరిచి చూస్తే గిన్నె అరిగిపోయి ఉంది. చుట్టూ విరిగిన పాలలాంటి తెల్లటి ముద్ద. గిన్నెగా ఉన్నంతకాలం శరీరం ఊరుకుంది. పొడిగా రాలేసరికి తిరగబడింది.

1962లో ఒక సేల్స్‌మన్ మగ్గాల్లో వాడే ప్లాస్టిక్ పళ్లచక్రం ఒకటి ఆసుపత్రి వర్క్‌షాపుకి తెచ్చాడు. అది పాలిథిన్. మన కూరగాయల కవరుకు దాయాదే, కాకపోతే అణువుల గొలుసులు బాగా పొడవు. చార్న్‌లీ దాన్ని గోటితో నొక్కి చూసి పెదవి విరిచారు. ఆయన ఊళ్లో లేని సమయంలో వర్క్‌షాపు మెకానిక్ హ్యారీ క్రేవెన్ దాన్ని అరగదీసే యంత్రానికెక్కించాడు. టెఫ్లాన్ ఒక్కరోజులో అరిగినంత కూడా అది మూడు వారాల్లో అరగలేదు. పెద్దాయన కాదన్నా మెకానిక్ మొండికేయబట్టి కథ మారింది.

అయినా చార్న్‌లీ ఈసారి యంత్రాన్ని ఒక్కదాన్నే నమ్మలేదు. రెండు ప్లాస్టిక్కుల పొడినీ తన తొడలోనే పెట్టించుకున్నారు. నెలలు గడిచాక టెఫ్లాన్ ఉన్నచోట గడ్డలు చేతికి తగిలాయి. పాలిథిన్ ఉన్నచోట ఏమీ లేదు. గిన్నెలు మాత్రం 1962 నవంబరు నుంచే పాలిథిన్‌వి అయిపోయాయి.

అలాగని పాలిథిన్ అరగదని కాదు. మెల్లగా, కంటికి కనపడనంత సన్నగా రాలుతుంది. ఆ నలుసుల్ని రక్షణ కణాలు మింగుతాయి, అరిగించుకోలేవు. అరగని తిండి తిన్నట్టు సతమతమై అవి వదిలే రసాయనాలు ఎముకను తినే కణాల్ని ఉసిగొల్పుతాయి. అలా చుట్టూ ఎముక కరిగి కీలు వదులవుతుంది. మోకాలి కీలు మార్చేటప్పుడూ ఇదే ప్లాస్టిక్ వాడతారు. ఆ ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లు లోహం ఏ రకమని డాక్టర్ని ఆరా తీస్తారు. మధ్యలో బిగించే ఈ పాలిథిన్ బిళ్ల సంగతి అడిగేవాళ్లు తక్కువ. నన్నడిగితే ముందు అడగాల్సింది దాన్నే.

అందుకే ఈ ప్లాస్టిక్‌ను మెరుగుపరచడమంతా ఆ నలుసు రాలకుండా చూడటం మీదే నడిచింది. రేడియేషన్‌తో గొలుసుల్ని ఒకదానికొకటి ముడివేస్తే అరుగుదల బాగా తగ్గింది. కానీ రేడియేషన్ తెంపిన కొసలు ఆక్సిజన్‌తో కలిసి ప్లాస్టిక్‌ను పెళుసు చేస్తాయి. దానికి విరుగుడుగా విటమిన్ ఇ కలిపారు. జపాన్‌లో కజుహికో ఇషిహారా బృందం మరో దారి పట్టింది. మన కణాల పైపొరను పోలిన పాలిమర్‌ను గిన్నె లోపలి ముఖానికి అతికించింది. అది నీటిని పట్టి ఉంచుతుంది. గుండు ఆ తడి మీద జారుతుంది.