హెడ్ ట్యూబుకు సొట్ట పడితే

సైకిలు ముందు భాగంలో, హ్యాండిల్‌కీ ఫోర్కుకీ మధ్య నిలువుగా ఉండే పొట్టి గొట్టాన్ని హెడ్ ట్యూబ్ అంటారు. హీరో, అట్లాస్, హెర్క్యులిస్ లాంటి పాత సైకిళ్లకు కంపెనీ బిళ్ల బిగించి ఉండేది దానిమీదే. జానెడు కూడా లేని ఆ గొట్టానికి సొట్ట పడితే కొందరు పుట్టీ పూసి రంగు కొట్టించేస్తారు. కొందరు ఫ్రేము పోయిందనుకుని పాత ఇనుప సామానుకు వేసేస్తారు. ఉక్కు ఫ్రేము విషయంలో రెండూ తొందరపాటే. సొట్ట ఎక్కడ పడింది, ఏ దెబ్బకు పడింది అని ముందు తేల్చుకుంటే, బాగుచేయించాలో వద్దో దానంతటదే తెలుస్తుంది.

ఈ గొట్టం లోపలి నుంచి ఫోర్కు కాడ పైకి వస్తుంది. గొట్టం పై అంచులో ఒక కప్పు, కింది అంచులో ఒక కప్పు బిగుతుగా దిగి ఉంటాయి. వాటిలోని బాల్స్ మీదే హ్యాండిల్ తిరుగుతుంది. అంటే గొట్టం నడుమ భాగం కాడను తాకనే తాకదు. బరువు మోసేవి, దెబ్బ తినేవి రెండు అంచులే. ముందు చక్రం గుంతలో పడ్డప్పుడు ఫోర్కు గునపంలా పనిచేస్తుంది. ఇరుసు నుంచి కింది కప్పుకు 40 సెంటీమీటర్లు, కింది కప్పు నుంచి పై కప్పుకు 15 సెంటీమీటర్లు అనుకుందాం. చక్రాన్ని వెనక్కి నెట్టిన బలం పై కప్పును రెండున్నర రెట్లకు పైగా ముందుకు, కింది కప్పును మూడున్నర రెట్లకు పైగా వెనక్కి తోస్తుంది. సైకిలు ఉన్నన్నాళ్లూ ఆ అంచుల మీద పడే భారం ఇది. నడుమ పడ్డ సొట్ట కంటికి పెద్దగా కనిపించినా హాని తక్కువ. అంచు కొద్దిగా నలిగినా అది పెద్ద సంగతి.

కాబట్టి సుత్తి పట్టుకునే ముందు హెడ్ ట్యూబును వదిలేసి దాని వెనక చూడండి. ఎదురుగా గోడనో బండినో గుద్దుకున్న సైకిలుకు మొదట వంగేది ఫోర్కు. దెబ్బ ఇంకా గట్టిదైతే హెడ్ ట్యూబు వెనక రెండు మూడు అంగుళాల దూరంలో, కింది వాలు గొట్టం అడుగున ముడత పడుతుంది. పై గొట్టం అడుగున కూడా పడవచ్చు. కంటికి ఆనకపోయినా వేలితో తడిమితే చిన్న అలలా తగులుతుంది. అక్కడ రంగు అడ్డంగా చిట్లి ఉంటుంది. అలాంటి ముడత ఉంటే హెడ్ ట్యూబు సొట్ట గురించి ఆలోచించే పనే లేదు. ఆ ఫ్రేము ఎప్పుడో ఒకనాడు అక్కడే విరుగుతుంది. మోజుపడి కొన్న పాత సైకిలైనా సరే, ముడత పడ్డ గొట్టాన్ని మార్చకుండా తొక్కవద్దు.

తర్వాత చూడాల్సింది పగులు. గొట్టాలు కలిసే కొలుకుల దగ్గర, అంచుల దగ్గర కిరసనాయిలు రాసి కాసేపు వదిలేసి, శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లాలి. పగులుంటే అందులో దూరిన కిరసనాయిలు సుద్ద మీద సన్నని గీతగా ఊరుతుంది. వర్క్‌షాపుల్లో ఎన్నో ఏళ్లుగా నమ్మి వాడుతున్న పరీక్ష ఇది. ఫ్రేము వంకర పోయిందేమో తెలియాలంటే, వెనక ఇరుసు దగ్గర ఒక పక్క దారం కట్టి, హెడ్ ట్యూబు చుట్టూ తిప్పి, రెండో పక్కకు తెచ్చి బిగించాలి. సీటు గొట్టానికీ దారానికీ మధ్య ఎడం రెండు వైపులా సమానంగా ఉండాలి. దారం సొట్ట మీదుగా పోతే కొలత తప్పుతుంది. బాగున్న చోటు మీదుగానే తిప్పాలి.

ఈ పరీక్షలన్నీ దాటితే ఇక సొట్ట సంగతి. పాత తరహా సైకిళ్లలో ఫోర్కు కాడ బయటి వ్యాసం ఒక అంగుళం, అంటే 25.4 మి.మీ. హెడ్ ట్యూబు లోపలి వ్యాసం సుమారు 30 మి.మీ. ఉంటుంది. కాడకు చుట్టూ రెండు మిల్లీమీటర్లకు కాస్త పైన ఖాళీ ఉందన్నమాట. నడుమ పడ్డ సొట్ట అంతకంటే తక్కువ లోతుంటే కాడకు తగలదు. హ్యాండిల్ ఏ పక్కకూ పట్టకుండా తిరుగుతుంటే, పగులు లేకుంటే, దాన్ని అలాగే ఉంచడమే నా సలహా. తుప్పు గీకి, ప్రైమర్ కొట్టి, చూపు కోసం కావాలంటే పుట్టీ పెట్టి రంగు వేయించుకోవచ్చు. పాత సైకిలు కొనేవాళ్లు మాత్రం ఒకటి గమనించాలి. ఫ్రేమంతా పాత రంగుండి హెడ్ ట్యూబు ఒక్కటే కొత్తగా మెరుస్తుంటే, బిళ్ల కింద ఏముందో విప్పి చూడకుండా డబ్బు ఇవ్వకూడదు.

సొట్ట లోతుగా ఉండి కాడకు తగులుతుంటే తీయక తప్పదు. ఇక్కడ హెడ్ ట్యూబుకు ఒక అదృష్టం ఉంది. మిగతా గొట్టాల్లో చాలావాటిలోకి లోపలి నుంచి చేరే దారి ఉండదు, దీనికి రెండు వైపులా నోరు తెరిచే ఉంటుంది. ముందు చక్రం, హ్యాండిల్, ఫోర్కు విప్పి, బాల్స్ గుడ్డ మీద ఏరి, ఎదుటి వైపు నుంచి కడ్డీ పెట్టి కప్పును చుట్టూ కొద్దికొద్దిగా తట్టి బయటికి తీయాలి. ఒకే పక్క కొడితే కప్పు అడ్డం తిరిగి అంచును సాగదీస్తుంది.

తర్వాత లేత్ షాపులో ఒక ఉక్కు ముక్క టర్నింగ్ చేయించాలి. ఒక కొస సన్నగా వాలి, క్రమంగా లావెక్కి, గొట్టం బాగున్న చోట లోపలి వ్యాసానికి పిసరు తక్కువ దగ్గర ఆగాలి. నడుమ గుండా రంధ్రం ఉండాలి. దాన్ని సుత్తితో బాదడం కంటే, గొట్టం గుండా థ్రెడ్ రాడ్ వేసి, మందపాటి వాషర్లు పెట్టి, పానాతో నట్టు తిప్పుతూ లాగడం మేలు. బలం నిటారుగా పడుతుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపవచ్చు. గ్రీజు దండిగా రాయాలి. లోపల గొట్టాల్ని అతికిన ఇత్తడి బొట్లు, రంధ్రాల అంచులు తగిలితే గీకి నునుపు చేయాలి. ఒకేసారి పూర్తి లావు ముక్క దూర్చకుండా, సన్నదానితో మొదలుపెట్టి రెండు మూడు విడతల్లో చేస్తే లోహం నొప్పి పడదు. ఉక్కు కాస్త వెనక్కి ముడుచుకుంటుంది కాబట్టి చివరికి పలచటి గుర్తు మిగిలితే మిగలనివ్వండి.

గ్యాస్ మంట పెట్టి ఎర్రగా కాల్చి తీస్తామనే వాళ్ల దగ్గర జాగ్రత్త. పాత ఫ్రేముల్లో గొట్టాల్ని కొలుకుల్లో ఇత్తడితో అతుకుతారు. ఆ ఇత్తడి సుమారు 900 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఎర్రగా కాగిన ఉక్కు దానికి ఎంతో దూరంలో ఉండదు. మంట కాస్త అటుఇటైతే సొట్ట పోయి అతుకు వదులవుతుంది. ఫ్రేమును వైసులో సన్నటి పై గొట్టం దగ్గర బిగించడం కూడా కొత్త సొట్టను కొనితెచ్చుకోవడమే. గొట్టం చుట్టుకొలతకు తొలిచిన కొయ్య దిమ్మెల మధ్య పెట్టి బిగించాలి.

అంచు నలిగినా, కప్పు వదులై చాలాకాలం తొక్కడం వల్ల అంచు అండాకారంలోకి పోయినా పని వేరు. వెర్నియర్‌తో ముందు–వెనక ఒక కొలత, కుడి–ఎడమ ఒక కొలత తీసుకోవాలి. కప్పు బిగుతంతా మిల్లీమీటరులో పదో వంతు, రెండు పదో వంతుల తేడా మీదే ఆధారపడుతుంది. చేత్తో నొక్కితే దిగిపోయే కప్పు నిలవదు. రేకు ముక్క చుట్టి దూర్చడం కొన్నాళ్లకే పని చేస్తుంది. సరైన పని, అంచును గుండ్రంగా చేసి, బయట ఉక్కు ఉంగరం ఇత్తడితో అతికించి, లోపల రీమర్‌తో సరిచేయడం. పై అంచు, కింది అంచు ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. దానికి ప్రత్యేకమైన కట్టర్ ఉంటుంది. దొరకని చోట మూలమట్టం పెట్టి చూసుకుంటూ ఆకురాయితో ఓపిగ్గా రుద్దాలి.

ఇదంతా ఉక్కుకే. అల్యూమినియం ఫ్రేములకు బలం వేడి చికిత్స వల్ల వస్తుంది. సొట్ట లాగితే పగలవచ్చు, వెల్డింగ్ చేస్తే చుట్టూ మెత్తబడుతుంది. కార్బన్ ఫ్రేము సొట్టపోదు, నొక్కుకుపోయినట్టు కనిపిస్తే లోపలి పొరలు విరిగినట్టే. రెండింటిలోనూ హెడ్ ట్యూబు అంచు దెబ్బతింటే ఇంట్లో చేసే వైద్యం లేదు.

ఉక్కు ఫ్రేము బాగయ్యాక తిరిగి బిగించేటప్పుడు కప్పుల్ని థ్రెడ్ రాడ్‌తోనే నిటారుగా లాగి కూర్చోబెట్టాలి. కొత్త బాల్స్, కొత్త గ్రీజు వేయాలి. హ్యాండిల్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పినప్పుడు ఒక చోట వదులుగా, ఒక చోట పట్టేసినట్టు ఉంటే అంచులు ఇంకా సమాంతరంగా రాలేదన్నమాట, మళ్లీ విప్పాలి. బాగుంటే వారం తొక్కి, ముందు బ్రేకు పట్టుకుని సైకిలును ముందుకూ వెనక్కూ ఊపి చూడండి. కప్పు దగ్గర టక్కుమంటే పై నట్టు మరికాస్త బిగించాలి. బిగించినా ఆగకపోతే కప్పే గొట్టంలో కదులుతోందని అర్థం.