కిన్నెరసానిలో అడవి ఎంత మిగిలింది?

ఆదివారం పాల్వంచ దాటి యానంబైలు దారి పట్టే బళ్లలో చాలావరకు డీర్ పార్కు కోసమే వస్తాయి. పిల్లలు కంచె సందుల్లోంచి పచ్చి రొట్ట అందిస్తే చుక్కల దుప్పులు మెడ చాచి అందుకుంటాయి. ఆ ముచ్చట చూసి, పడవెక్కి, అద్దాలమేడ ముందు ఫొటో దిగి తిరిగి వెళ్లిపోతారు. కానీ చూడాల్సిన కిన్నెరసాని ఆ కంచెకు అవతల ఉంది.

దాని పాత రూపం నిలిచిందా అంటే, ముందు ఏ కాలం నాటి రూపమో తేల్చుకోవాలి. విశ్వనాథ సత్యనారాయణ ‘కిన్నెరసాని పాటలు’ రాసిన నాటి వాగు ఇప్పుడు లేదు. 1960ల్లో పాల్వంచ థర్మల్ కేంద్రం నీళ్ల కోసం దానికి అడ్డంగా ఆనకట్ట కట్టారు. లోయ మునిగింది, గుట్టల తలలు దీవులుగా మిగిలాయి. నేడు పూర్తి నీటిమట్టం 407 అడుగులు, నిల్వ 8.4 టీఎంసీలు. కట్ట కింద వాగు బూర్గంపాడు వైపు సాగి గోదావరిలో కలుస్తుంది. ఆ పాత వాగును ఎవరూ తిరిగి తేలేరు. 1977లో జలాశయాన్నీ చుట్టూ అడవినీ కలిపి సుమారు 635 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. నా లెక్కకు ఆ ఏడాదే గీటురాయి.

ఆ లెక్కన చూస్తే నీటి అంచు బాగానే నిలబడింది. కట్ట మీద నిలబడితే ఎదుటి గుట్టల వరసలో కట్టడాలు కనబడవు. టేకు, మద్ది, తునికి, ఇప్ప కలిసి పెరిగిన అడవి నీళ్ల దాకా దిగి ఉంటుంది. నీళ్లలో మొసళ్లున్నాయి. లోపల కడితి, ఎలుగుబంటి, అడవిదున్న తిరిగే చోటిది.

ఈ అడవిని కోయగూడేలను పక్కనపెట్టి చూడకూడదు. వేసవి మొదట్లో తెల్లవారకముందే ఇప్పచెట్ల కింద పువ్వు ఏరతారు. ఆ వెంటనే తునికాకు పని మొదలవుతుంది: యాభై ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బస్తా. పోడు భూముల మీద, 2006 అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చే పట్టాల మీద అటవీశాఖకూ గూడేలకూ ఘర్షణ ఉన్న మాట నిజమే. అయినా అడవి చెడిపోవడానికి వాళ్లనే వేలెత్తి చూపడం అన్యాయం. ఆనకట్ట కింద మునిగిన లోయ థర్మల్ కేంద్రం కోసం మునిగింది, పోడు కోసం కాదు.

నా బెంగ అంతా సందర్శకులు చేరే ఆ కాస్త మేర గురించే. అభయారణ్యంలో అది వేలెడంత. అక్కడ తినుబండారాల కవర్లు నీటి అంచున చేరుతున్నాయి, స్పీకర్ల మోత జలాశయం మీదుగా అవతలి గుట్టను తాకుతోంది. కొత్త కాటేజీలూ కొత్త ఆకర్షణలూ కావాలని అడిగేవాళ్లున్నారు. అవన్నీ కట్ట ఇవతలే ఆగాలి. దీవుల మీద ఒక్క గది కూడా కట్టకూడదు. ప్లాస్టిక్‌నూ స్పీకర్లనూ చెక్‌పోస్టు దగ్గరే ఆపాలి, ఆ కాపలా పని పక్క గూడేల యువతకు జీతమిచ్చి అప్పగించాలి.