అవ్వ ముఖం మారిపోకుండా

మన పల్లెలలో అనేక కుటుంబాలకు అవ్వది గాని తాతది గాని ఒక్కటే ఫోటో ఉంటుంది. ట్రంకుపెట్టె అడుగున మడతపడి, మచ్చలుపడి ఉంటుంది. జ్ఞాపకార్థ కూడికకు ఫ్లెక్సీ వేయించవలసి వచ్చినప్పుడు దానినే బయటికి తీస్తారు. దానిని ఏ విధముగా బాగుచేయించాలని మమ్మును తరచుగా అడుగుతున్నారు గనుక ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ముందుగా ఫోటోను స్కానర్ మీద అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేయించండి. ఫోనుతో తీసిన ఫోటో దానికి సాటిరాదు. ఆ ఫైలును టిఫ్ రూపంలో భద్రపరచండి. జేపెగ్ ఫైలును మార్చి సేవ్ చేసిన ప్రతిసారి కొంత వివరం పోతుంది. వాట్సాప్‌లో పంపవలసివస్తే ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపండి, లేనియెడల అది కుదించుకుపోతుంది.

ఇక దిద్దే పద్ధతి. 1990లో వచ్చిన మొదటి ఫోటోషాప్‌లో దిద్దుబాటు నేరుగా బొమ్మ మీదనే పడేది. 1994లో లేయర్లు వచ్చాయి. బొమ్మ మీద గాజు పలక పెట్టి, ఆ పలక మీద రంగు వేసినట్లన్నమాట. పలక తీసివేస్తే అడుగున అసలు బొమ్మ చెక్కుచెదరకుండా ఉంటుంది. 1996 నుండి ఉచితంగా దొరుకుతున్న గింప్‌లోనూ ఈ పని చేయవచ్చు. ఫోటోషాప్‌కైతే 2013 నుండి చందా కట్టుకుంటూ పోవాలి. 2007లో వచ్చిన లైట్‌రూమ్, ఉచితమైన డార్క్‌టేబుల్ అసలు ఫైలును ముట్టవు, మార్పులను సూచనలుగా మాత్రమే వ్రాసుకుంటాయి. పెండ్లిలో తీసిన వెయ్యి ఫోటోల వెలుగు సరిచేయడానికి అవి మేలు. చిరిగిన ఒక్క ఫోటోకు మాత్రం లేయర్ల పద్ధతే తగినది.

ఇప్పుడు ఫోనులో ఒక్క నొక్కుతో ముఖాన్ని తేటగా చేసే కృత్రిమ మేధ యాప్‌లు వచ్చాయి. వీటి విషయమై జాగ్రత్త! మసకగా ఉన్నచోట అవి ఉన్నదానిని వెలికితీయవు. వేలాది ఇతర ముఖాలను చూచి నేర్చుకొన్న కన్నులను, పళ్లను అక్కడ అతికిస్తాయి. ఒక ఇంట ఈలాగే చేయించిన ఫ్లెక్సీ చూశాము. మశూచి మచ్చలు పోయాయి, ముక్కుపుడక పోయింది, ఎవరో సినిమా మనిషివలె ఉన్నది. అందరూ బాగుందన్నారు గాని, కూతురు మాత్రం, “ఈమె మా అమ్మ కాదు అయ్యగారూ” అని ఏడ్చింది. అంతలో ఆ స్టూడియోలో అసలు స్కాను మీదనే కొత్తది సేవ్ చేసివేశారు. ఇంట్లో కాగితపు ఫోటో మిగిలి ఉన్నది గనుక సరిపోయింది.

కావున స్టూడియోలో పని ఒప్పజెప్పేటప్పుడు ముందే మాట్లాడుకోండి. మడతలు, గీతలు, వెలిసిన రంగు దిద్దమనండి, ముఖం జోలికి పోవద్దనండి. ప్రింటుతోపాటు అసలు స్కాను, లేయర్లున్న పిఎస్‌డి ఫైలు రెండూ పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకోండి. పట్నంలో ఉన్న పిల్లల దగ్గర మరొక కాపీ ఉంచండి. కాగితపు ఫోటోను మాత్రం లామినేషన్ చేయించవద్దు, మరల ఊడదీయలేరు.